చదువు సరిహద్దు దాటింది... ఫిర్యాదే దాటలేదు

ఏ రాష్ట్రంలోని విశ్వవిద్యాలయమైనా, అర్హత ఉంటే, ఏ ఊరి విద్యార్థికైనా ఆన్‌లైన్లో డిగ్రీ ఇవ్వొచ్చు. అది చెల్లకపోయినా, చదువు చెప్పకపోయినా, ఫీజు తిరిగి ఇవ్వకపోయినా ఆ విద్యార్థి ఎవరి తలుపు తట్టాలి?

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఎంఏ నడుపుతోందనుకోండి. దానికి తిరువూరులో స్టడీ సెంటర్ ఉండొచ్చు. సరిహద్దు దాటి సత్తుపల్లిలో మాత్రం ఉండకూడదు. అదే విశ్వవిద్యాలయం అదే ఎంఏని ఆన్‌లైన్లో చెప్పడానికి అర్హత సంపాదించుకుంటే సత్తుపల్లేం ఖర్మ, షిల్లాంగ్‌లో కూర్చున్న విద్యార్థినైనా చేర్చుకోవచ్చు. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, 2020 సెప్టెంబరు 4న విడుదల చేసిన నిబంధనల్లో ఈ రెండు సూత్రాలూ పక్కపక్కనే ఉన్నాయి. దూరవిద్యకు హద్దుంది, ఆన్‌లైన్‌కు లేదు.

స్టడీ సెంటర్‌కు గోడలుంటాయి, బోర్డుంటుంది. అది ఫలానా రాష్ట్రంలో ఉందని వేలు పెట్టి చూపించొచ్చు. ఆన్‌లైన్ తరగతి ఎక్కడున్నట్టు? పాఠం చెప్పే చోటా, సర్వర్ పెట్టిన చోటా, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే చోటా? అంతా సవ్యంగా నడిచినంతకాలం ఈ ప్రశ్న ఎవరికీ పట్టదు. పరీక్ష ఫలితం ఆగిపోయిన రోజున, కోర్సుకు గుర్తింపు లేదని ఉద్యోగం దగ్గర తేలిన రోజున అదొక్కటే ప్రశ్న అవుతుంది.

ఈ కథనం చెప్పదలచింది ఒకటే. విద్యార్థి ఇంటిదాకా వచ్చి ఫీజు తీసుకోగలిగిన విశ్వవిద్యాలయం, ఆ ఇంటికి అందేంత దూరంలోనే జవాబు కూడా చెప్పాలి. మన నిబంధనలు మొదటిదానికి రహదారి వేశాయి. రెండోదానికి కాలిబాట కూడా వేయలేదు.

క్యాంపస్‌లో చదివే పిల్లలకు అన్యాయం జరిగితే పదిమంది కలిసి వీసీ ఛాంబర్ ముందు బైఠాయిస్తారు. హాస్టల్లో మాట పాకుతుంది, విద్యార్థి సంఘం వస్తుంది, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో వార్త వస్తుంది. ఆన్‌లైన్లో చదివే ఆర్టీసీ కండక్టరుకో, సచివాలయ ఉద్యోగికో, పిల్లల్ని బడికి పంపి పుస్తకం పట్టుకునే ఇల్లాలికో తనతో పాటు ఆ కోర్సులో ఇంకెవరున్నారో కూడా తెలీదు. రక్షణ ఎక్కువ అవసరమైనవాళ్లు వీళ్లే. అది అతి తక్కువగా అందేదీ వీళ్లకే.

ఆదివారం తరగతుల నుంచి

దూరవిద్య విషయంలో తెలుగువాళ్లు ఎవరికీ తీసిపోరు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరస్పాండెన్స్ కోర్సులకు శ్రీకారం చుడితే, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ దారి పట్టింది. 1982 ఆగస్టు 26న హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి ఆ అనుభవంతోనే 1985లో ఢిల్లీ వెళ్లి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఇగ్నోకు తొలి ఉపకులపతి అయ్యారు, తర్వాత యూజీసీకి అధ్యక్షత వహించారు. హైదరాబాద్‌లోని ఆ విశ్వవిద్యాలయానికే 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. పదో తరగతి దాటనివాళ్లు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరడం, ఆదివారాలు ప్రభుత్వ కాలేజీ గదుల్లో తరగతులకు వెళ్లడం, ఆకాశవాణిలో పాఠాలు వినడం ఒక తరానికి బాగా తెలుసు. ‘ఓపెన్లో డిగ్రీ కట్టాను’ అనే మాట ఊరూరా వినబడింది ఆ విశ్వవిద్యాలయం వల్లే.

హద్దు అంటే ఏమిటో ఆ విద్యార్థులే 2014లో చూశారు. జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో, స్టడీ సెంటర్లు రెండు రాష్ట్రాల్లో. కడపలోనో శ్రీకాకుళంలోనో చదువుతున్నవాళ్లు ఇంటి గడప దాటకుండానే పొరుగు రాష్ట్ర విశ్వవిద్యాలయ విద్యార్థులైపోయారు. పునర్విభజన చట్టం ఇలాంటి ఉమ్మడి సంస్థల గురించి, అంటే పదో షెడ్యూలులో చేర్చినవాటి గురించి, 75వ సెక్షన్లో ఒక మాట రాసుకుంది: ఈ సంస్థలు రెండో రాష్ట్ర ప్రజలకు అంతకుముందుకన్నా తక్కువ కాకుండా సేవలు అందించాలి, షరతులు ఏడాదిలోగా రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోవాలి, కుదరకపోతే కేంద్రం తేల్చాలి. ఆ వాక్యం రాసినవాళ్లకు ఒక విషయం బాగా తెలుసని నాకనిపిస్తుంది. హద్దు గీసినప్పుడు అవతల మిగిలిపోయే విద్యార్థికి ఎవరు జవాబుదారీయో కాగితం మీదే ఉండాలి. ఆన్‌లైన్ డిగ్రీల నిబంధనలు రాసినప్పుడు ఆ పాటి జాగ్రత్త కూడా కనబడదు.

ఒక్క గదిలో విశ్వవిద్యాలయం

అసలు విశ్వవిద్యాలయాలకు రాష్ట్రాల హద్దు ఎందుకొచ్చింది? రాజ్యాంగంలో విశ్వవిద్యాలయాన్ని స్థాపించే అధికారం రాష్ట్రాలకుంది. ఉన్నత విద్య ప్రమాణాలు నిర్ణయించే అధికారం కేంద్రానిది. ఈ రెండింటి మధ్య సందు ఎంత వెడల్పో 2002లో ఛత్తీస్‌గఢ్ చూపించింది. ఆ రాష్ట్రం ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చింది. గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ వేస్తే చాలు, విశ్వవిద్యాలయం పుట్టేసేది. ఏడాది తిరిగేసరికి 112 పుట్టాయి. కొన్నిటికి భవనాల్లేవు, ఆచార్యుల్లేరు, ఒకటి రెండు గదులే విశ్వవిద్యాలయం. పైగా రాష్ట్రం బయట ఎక్కడైనా కేంద్రాలు తెరుచుకోవచ్చని ఆ చట్టమే చెప్పింది.

యూజీసీ మాజీ అధ్యక్షుడు, శాస్త్రవేత్త యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరి 11న కోర్టు ఆ చట్టంలోని కీలకమైన సెక్షన్లు కొట్టేసింది. ఒక రాష్ట్ర శాసనసభ తన భూభాగం దాటి పనిచేసే విశ్వవిద్యాలయాన్ని సృష్టించలేదని చెప్పింది. ఇవాళ స్టడీ సెంటర్లు రాష్ట్రం దాటకూడదనే నియమం వెనక ఉన్నది ప్రధానంగా ఆ తీర్పే. అదే తీర్పులో కోర్టు ఇంకో పని చేసింది. అప్పటికే చేరిపోయిన విద్యార్థులు రోడ్డున పడకుండా వాళ్ల సంస్థలను ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేసే ఏర్పాటు చూడమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. సంస్థ తప్పు చేస్తే శిక్ష సంస్థకు, విద్యార్థికి దారి. ఆ పద్ధతి ఆ తర్వాత అన్నిసార్లూ నిలబడలేదు.

నాలుగు సంస్థలు, ఒక తీర్పు

2017 నవంబరు 3 నాటి తీర్పు దగ్గర కాసేపు ఆగాలి. ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌లో ఒక ఉద్యోగి డిగ్రీ చెల్లుతుందా చెల్లదా అన్న తగాదాతో అది మొదలైంది. ఒడిశా హైకోర్టు ఆ తరహా డిగ్రీలను సమర్థించింది. పంజాబ్-హరియాణా హైకోర్టు కుదరదంది. సుప్రీంకోర్టు ముందు నిలబడినవి నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు: రాజస్థాన్‌లో రెండు, అలహాబాద్‌లో ఒకటి, తమిళనాడులో ఒకటి. సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ, అనుమతి లేకుండానే ఇవి దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చేశాయి. సొంత ఊరు దాటి ఎక్కడెక్కడో స్టడీ సెంటర్లు నడిచాయి. అనుమతి ఏదని అడిగితే, వెనకటి తేదీల నుంచి వర్తించేలా ఢిల్లీ నుంచి తెచ్చుకున్న కాగితాలు చూపించాయి.

కోర్టు ఆ కాగితాలు చెల్లవంది. 2001 నుంచి 2005 మధ్య విద్యాసంవత్సరాల్లో చేరినవాళ్ల డిగ్రీలను నిలిపేసింది. ఏఐసీటీఈ పెట్టే పరీక్ష రాయాలి, రెండు అవకాశాలు, ఉత్తీర్ణులైతేనే డిగ్రీ మిగులుతుంది. పరీక్ష వద్దనుకున్నవాళ్లకు ఫీజు తిరిగి ఇవ్వాలి. 2005 తర్వాత చేరినవాళ్లకు ఆ అవకాశం కూడా లేదు, డిగ్రీలు రద్దు, ఫీజు వాపసు. ఆ డిగ్రీతో వచ్చిన ప్రమోషన్ పోతుంది, అప్పటిదాకా తీసుకున్న జీతం మాత్రం వెనక్కి అడగొద్దు. వెనకటి తేదీతో అనుమతులు ఇచ్చిన అధికారుల మీద సీబీఐ దర్యాప్తు చేయాలి. పరీక్షకు సిద్ధపడ్డవాళ్లు ఫలితాలు వచ్చేదాకా ఉద్యోగ ప్రయోజనాలు ఉంచుకోవచ్చని 2018 జనవరిలో కొంత వెసులుబాటు ఇచ్చింది.

ఆ పరీక్ష రాసినవాళ్లెవరో ఊహించుకోండి. డిప్లొమాతో జూనియర్ ఇంజినీరుగా చేరి, సైట్ మీద పగలంతా నిలబడి, రాత్రి పుస్తకాలు చదివి బీటెక్ పూర్తి చేసినవాళ్లు. అడ్మిషన్ తీసుకున్నప్పుడు వాళ్లకు కనబడింది ‘డీమ్డ్ యూనివర్సిటీ’ అన్న బోర్డు, దాని కింద యూజీసీ చట్టం సెక్షన్ నంబరు. అది నిజమైన గుర్తింపే. ఆ గుర్తింపు ఆ కోర్సుకు, ఆ పద్ధతికి, ఆ ఊరికి వర్తిస్తుందా అన్నది చదువుకున్న అధికారులకే అర్థం కాని విషయం. నియంత్రణ సంస్థలు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకుంటూ పదేళ్లు గడిపితే, చివరికి పరీక్ష హాల్లో కూర్చోవలసి వచ్చింది నడివయసు ఉద్యోగి. కోర్టు చట్టప్రకారం చేయగలిగింది చేసింది. కానీ ఫిర్యాదు వినే యంత్రాంగం మొదటి ఏడాదే పనిచేసి ఉంటే ఆ సంగతి సుప్రీంకోర్టు దాకా రావలసిన అవసరమే లేదు.

నెట్ సెంటర్లో పది నిమిషాలు

ఆ దెబ్బల తర్వాత నియమాలు నిజంగానే బిగిశాయి, ఆ మేరకు ఒప్పుకోవాలి. ఫ్రాంచైజీ పద్ధతిని యూజీసీ నిషేధించింది. ఎడ్‌టెక్ కంపెనీ బయట నిలబడి విశ్వవిద్యాలయం పేరుతో కోర్సు నడపడం కుదరదని 2022 జనవరిలో యూజీసీ, ఏఐసీటీఈ రెండూ హెచ్చరించాయి. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం వంటివి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్లో గానీ చెప్పకూడదు. పీహెచ్‌డీ అసలే కుదరదు. 2025 ఆగస్టులో ఆ జాబితా మరింత పెరిగింది. సైకాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, పోషకాహార శాస్త్రం లాంటి ఆరోగ్య రంగ కోర్సుల్లో 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి కొత్త ప్రవేశాలు ఆపేయమంది యూజీసీ. ఎమ్మెస్సీ సైకాలజీ దూరవిద్యలో కట్టి కౌన్సెలర్ కావాలనుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు, ఈ సంగతి వాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఇంకోవైపు, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టం చేసింది. నల్గొండ జిల్లా నుంచి వెళ్లిన ఆచార్య మామిడాల జగదీశ్ కుమార్ అప్పుడు దానికి అధ్యక్షులు.

2024లో వచ్చిన ఇంకో ఏర్పాటు డీఈబీ ఐడీ. యూజీసీలోని దూరవిద్యా విభాగమే డీఈబీ. ఆన్‌లైన్ కోర్సులో గానీ దూరవిద్యలో గానీ చేరాలంటే విద్యార్థి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిచి, ఆ నంబరుతో డీఈబీ పోర్టల్లో సొంత గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. అది లేనిదే అడ్మిషన్ లెక్కలోకి రాదు. ఉద్దేశం మంచిదే. ఏజెంటు పేరు మీద దొంగ అడ్మిషన్లు, పాత తేదీల అడ్మిషన్లు దీంతో కష్టమవుతాయి.

ఒక మండల కేంద్రంలో బస్టాండు పక్కన నెట్ సెంటర్లో ఈ ఐడీ ఎలా పుడుతుందో దగ్గర్నుంచి చూశాను. మందుల షాపులో పనిచేసే అమ్మాయి ఎంబీఏలో చేరడానికి వచ్చింది.

“అక్కా, ఓటీపీ వచ్చిందా?”

“ఆధార్‌కి నాన్న నంబరుంది తమ్ముడూ. ఆయన పొలంలో ఉన్నాడు, ఆగు, ఫోన్ చేస్తాను.”

పొలం నుంచి ఆరు అంకెలు వచ్చాయి. తర్వాతి పేజీ తెరుచుకుంది.

“మెయిల్ ఐడీ ఉందా అక్కా?”

“లేదే.”

“పర్లేదు, మనది పెట్టేద్దాం. అందరికీ అదే పెడతాను.”

ఆ కుర్రాడు మోసగాడు కాదు, సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు. పది నిమిషాల్లో పని కానిచ్చి యాభై రూపాయలు తీసుకున్నాడు. కానీ ఆ క్షణం నుంచి ఆమెకు విశ్వవిద్యాలయం పంపే ప్రతి ఉత్తరమూ నెట్ సెంటర్ ఇన్‌బాక్సుకు పోతుంది. పరీక్ష తేదీ, హాల్‌టికెట్, ఫీజు గడువు, రేపు ఫిర్యాదు చేస్తే దాని జవాబు, అన్నీ. ఇదంతా జరుగుతుండగానే ఆమె ఫోన్ మోగింది. అవతల ఒక కౌన్సెలర్ గొంతు: “మేడమ్, యూజీసీ అప్రూవ్డ్ మేడమ్, ఈ రోజు కడితే స్కాలర్‌షిప్ వస్తుంది.” ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. అది సగం నిజం కావడమే ప్రమాదం. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉంటే సరిపోదు. సరిగ్గా ఆ కోర్సు పేరుకు, ఆన్‌లైనా దూరవిద్యా అన్న ఆ పద్ధతికి, తాను చేరుతున్న ఆ సెషన్‌కు గుర్తింపు ఉందో లేదో డీఈబీ పోర్టల్లోని జాబితాలో చూసుకోవాలి. నిరుడున్నది ఈసారి ఉండకపోవచ్చు. ఆ పేజీని తేదీ కనిపించేలా ప్రింటు తీసి రసీదుతో కలిపి దాచుకుంటే, పదేళ్ల తర్వాత సర్టిఫికెట్ వెరిఫికేషన్లో అడిగినప్పుడు అక్కరకొస్తుంది. ఫీజు కూడా విశ్వవిద్యాలయం పేరున ఉన్న ఖాతాకే పోవాలి. కౌన్సెలర్ పంపిన క్యూఆర్ కోడ్‌కు కాదు.

‘నెలకు ఇంతే మేడమ్’ అనే వాయిదాల విషయంలోనూ కళ్లు తెరుచుకోవాలి. చాలాసార్లు అది విశ్వవిద్యాలయానికి కట్టే వాయిదా కాదు, ఫైనాన్స్ కంపెనీ దగ్గర విద్యార్థి పేరున తీసుకున్న అప్పు. కోర్సు మానేసినా అప్పు మానదు. డిజిటల్ రుణాల మీద రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అప్పు వివరాలన్నీ ఒక పత్రంలో ముందే ఇవ్వాలి, తీసుకున్నాక వెనక్కి తగ్గడానికి కొంత గడువూ ఇవ్వాలి. ఆ పత్రం ఏ మెయిల్‌కు వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

వెయ్యి రూపాయల జరిమానా

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఆ అమ్మాయి చేరిన విశ్వవిద్యాలయం ఇంకో రాష్ట్రంలో ఉంది. రెండు సెమిస్టర్ల మార్కులు ఎక్కలేదు. ఎవరికి చెప్పుకోవాలి?

యూజీసీ 2023 ఏప్రిల్లో తెచ్చిన విద్యార్థి ఫిర్యాదుల నిబంధనలున్నాయి. ప్రతి విద్యాసంస్థలో ఒక ఫిర్యాదుల కమిటీ, అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరక్కపోతే లోక్‌పాల్‌కు అప్పీలు, ఆయన 30 రోజుల్లో తేల్చాలి. లోక్‌పాల్‌గా విశ్రాంత ఉపకులపతినో, ఆచార్యుణ్నో, మాజీ జిల్లా జడ్జినో నియమించాలి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. కానీ ఆ కమిటీ విశ్వవిద్యాలయానిదే, లోక్‌పాల్‌ను నియమించేదీ విశ్వవిద్యాలయమే, కూర్చునేదీ అక్కడే. తెలుగు తప్ప ఇంకో భాషలో గట్టిగా మాట్లాడలేని మనిషి ఎక్కడో ఉన్న కమిటీ ముందు ఆంగ్లంలోనో హిందీలోనో తన గోడు వెళ్లబోసుకోవాలి. ఆమె ఉంటున్న రాష్ట్రంలోని ఉన్నత విద్యా మండలికి ఈ వ్యవహారంలో పాత్రే లేదు. తన రాష్ట్రంలో ఎంతమంది బయటి విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ డిగ్రీల్లో చేరారో తెలుసుకునే బాధ్యత కూడా దానికి ఈ నిబంధనలు పెట్టలేదు.

పూర్తిగా నకిలీ విశ్వవిద్యాలయమైతే? యూజీసీ ఏటా నకిలీల జాబితా వేస్తుంది. గుంటూరు, విశాఖపట్నం చిరునామాలతో రెండు సంస్థలు అందులో ఏళ్ల తరబడి కనబడుతున్నాయి. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, అధికారం లేనివాళ్లు డిగ్రీ ఇవ్వడం నేరం. 24వ సెక్షన్ ప్రకారం శిక్ష వెయ్యి రూపాయలకు మించని జరిమానా. ఒక సెమిస్టర్ పరీక్ష ఫీజుకు కూడా చాలని ఆ మొత్తాన్ని 1956లో రాసినప్పుడు విశ్వవిద్యాలయం పేరుతో ఇంత వ్యాపారం నడుస్తుందని ఎవరూ అనుకుని ఉండరు.

మిగిలింది వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షన్ మామూలు మనిషికి ఒక గొప్ప వరం ఇచ్చింది. కొన్న చోట కాదు, తాను నివసించే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఢిల్లీ కంపెనీ దగ్గర ఆన్‌లైన్లో కొన్న ఫ్రిజ్ చెడిపోతే నంద్యాల మనిషి తానుండే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేస్తాడు, కంపెనీయే వచ్చి జవాబు చెప్పుకోవాలి. మరి ఢిల్లీ నుంచి కొన్న ఆన్‌లైన్ డిగ్రీ? విద్యార్థి వినియోగదారుడా కాదా అన్న దగ్గరే తలుపు మూసుకుంటోంది. విద్య సరుకు కాదు, విశ్వవిద్యాలయం సేవలు అమ్మడం లేదు అని సుప్రీంకోర్టు 2010లో, 2012లో అంది. గుర్తింపు లేని దంత వైద్య కళాశాలలో చేరి మోసపోయిన విద్యార్థులకు అదే కోర్టు అంతకుముందు 2009లో మాత్రం పరిహారం ఇప్పించింది. కోచింగ్ సెంటర్లు చట్టం కిందికి వస్తాయి గానీ విద్యాసంస్థలు రావని జాతీయ కమిషన్ 2020 జనవరిలో మను సోలంకీ కేసులో తేల్చింది. ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను మళ్లీ పరిశీలనకు స్వీకరించింది. విద్య సరుకు కాదన్న మాటలో గౌరవముంది, నేనూ దాన్ని గౌరవిస్తాను. కానీ ‘ఈ రోజు కడితే స్కాలర్‌షిప్’ అని ఫోన్ చేసి అమ్మేటప్పుడు సరుకై, ఫీజు వాపసు అడిగేటప్పుడు మాత్రం సరస్వతి కావడం న్యాయం కాదు.

కాలిఫోర్నియా నేర్పిన సంగతి

ఇదే ప్రశ్న అమెరికాను మనకన్నా ముందే పట్టుకుంది. అక్కడ ఉన్నత విద్యకు అనుమతులిచ్చేవి రాష్ట్రాలే. టెక్సస్ విద్యార్థికి అయోవా విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ పాఠం చెప్పాలంటే టెక్సస్ నియమాలూ చూసుకోవలసి వచ్చేది. యాభై రాష్ట్రాలు, యాభై రకాల దరఖాస్తులు, ఫీజులు. ప్రతి రాష్ట్రం అనుమతీ ఉండాలని 2010లో కేంద్ర విద్యాశాఖ నియమం పెడితే, సరైన పద్ధతి పాటించలేదని కోర్టులు దాన్ని కొట్టేశాయి. 2013లో మాజీ విద్యామంత్రి రిచర్డ్ రైలీ అధ్యక్షతన ఒక కమిషన్ దారి చూపించింది. దానిలోంచి ‘సారా’ అనే రాష్ట్రాల పరస్పర ఒప్పందం వచ్చింది. 2014లో ఇండియానా మొదట చేరింది. ఇప్పుడు కాలిఫోర్నియా తప్ప మిగతా 49 రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. విశ్వవిద్యాలయం తన సొంత రాష్ట్రంలో ఒక్క అనుమతి తెచ్చుకుంటే చాలు, సభ్య రాష్ట్రాలన్నిటిలో ఆన్‌లైన్ పాఠాలు చెప్పొచ్చు. ఫిర్యాదు ముందు విశ్వవిద్యాలయానికి, అక్కడ తేలకపోతే విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రానికి.

అంటే అక్కడా ఫిర్యాదు విద్యార్థే మోసుకెళ్లాలి. విద్యార్థి రాష్ట్రం మోసాల మీది సాధారణ చట్టాలు వాడొచ్చు గానీ, విద్యాసంస్థల కోసం ప్రత్యేకంగా రాసుకున్న కఠిన నియమాలను బయటి సభ్య సంస్థ మీద ప్రయోగించలేదు. వినియోగదారుల సంఘాలు దీన్నే తప్పుపడుతున్నాయి. కొరింథియన్ కాలేజీలు 2015లో, ఐటీటీ టెక్ 2016లో ఉన్నట్టుండి మూతపడి వేలమంది విద్యార్థులు నడిరోడ్డున నిలబడ్డాక ఆ వాదనకు బలం పెరిగింది. కాలిఫోర్నియాలో మాత్రం ప్రైవేటు సంస్థ మూతపడితే విద్యార్థికి ఫీజు తిరిగి ఇవ్వడానికి ఒక నిధి ఉంది. అడ్మిషన్ల మీద తీసిన చిన్న చిన్న మొత్తాలతోనే అది ఏర్పడింది.

2019 జులైలో జరిగింది చూడండి. సారాలో లేని కాలిఫోర్నియాకు, బయటి రాష్ట్రాల ప్రభుత్వ, లాభాపేక్ష లేని విశ్వవిద్యాలయాల మీద తన విద్యార్థులు చేసే ఫిర్యాదులు వినే ఏర్పాటు అప్పటికి లేదు. అలాంటి ఏర్పాటు లేని రాష్ట్రంలో ఉంటూ ఆ సంస్థల్లో ఆన్‌లైన్లో చదివేవాళ్లకు కేంద్ర విద్యార్థి సహాయం అందదని విద్యాశాఖ ప్రకటించింది. సుమారు 80 వేల మంది విద్యార్థుల మాట. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. రోజుల వ్యవధిలో ఆ రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఫిర్యాదుల విధానం ఒకటి తయారుచేసింది, సహాయం ఆగలేదు. ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని పని, డబ్బుకు ముడిపెట్టేసరికి చిటికెలో అయిపోయింది. విద్యార్థికి తన రాష్ట్రంలో చెప్పుకునే చోటు ఉంటేనే డబ్బు కదులుతుంది అన్న ఆ ఒక్క షరతు మనం అరువు తెచ్చుకోదగ్గది.

అమెరికాలో ఆన్‌లైన్ చదువనగానే మన కుటుంబాలకు గుర్తొచ్చేది వేరే కథ. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజెంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వలస అధికారులు దాడి చేశారు. విద్యార్థుల్లో ఎక్కువ మంది అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లు. ఆన్‌లైన్ తరగతుల పేరు చెప్పి, వేరే వేరే రాష్ట్రాల్లో ఉంటున్నవాళ్లను కూడా ఒకే అపార్ట్‌మెంట్ చిరునామాలో ఉంటున్నట్టు రాసేశారు. కొందరు విద్యార్థుల కాళ్లకు అధికారులు రేడియో పట్టీలు తగిలించారు. నిర్వాహకురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికి ఒక టర్మ్‌లో ఒక్క ఆన్‌లైన్ కోర్సు మాత్రమే లెక్కలోకి వస్తుందన్న నియమం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కరోనా కాలంలో సడలించి, 2020 జులై 6న మళ్లీ బిగించబోతే హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. ఎనిమిది రోజులకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ర్యాంకుల కన్నా ముందు అడగవలసింది, తరగతి ఎక్కడ జరుగుతుంది అని.

ఏం చేయొచ్చు

మన దగ్గర దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. డీఈబీ ఐడీ తీసుకున్నప్పుడే విద్యార్థి ఎవరో, ఏ ఊరివాడో, ఏ విశ్వవిద్యాలయంలో చేరుతున్నాడో యూజీసీ దగ్గర నమోదవుతోంది. ఆ వివరాలు రాష్ట్రాల వారీగా ఉన్నత విద్యా మండళ్లకు ఇస్తే, ఏ బయటి విశ్వవిద్యాలయం మన జిల్లాల్లో ఎంతమందిని చేర్చుకుందో మొదటిసారి మన ప్రభుత్వాలకు తెలుస్తుంది. 2020 నిబంధనల్లో ఒక సవరణ చాలు: రాష్ట్రం దాటి విద్యార్థుల్ని చేర్చుకునే సంస్థ, ఆ విద్యార్థి రాష్ట్ర మండలి పంపిన ఫిర్యాదుకు గడువులోగా జవాబివ్వాలి, ఇవ్వకపోతే తర్వాతి సెషన్‌కు గుర్తింపు ఆగుతుంది. గుర్తింపు ఆగితే ఫీజులు ఆగుతాయి. కాలిఫోర్నియాలో పనిచేసిన మంత్రం అదే.

లోక్‌పాల్ విచారణ వీడియోలో జరగాలి, విద్యార్థి భాషలో మాట్లాడే హక్కుండాలి. హైకోర్టులే వీడియోలో వాదనలు వింటున్నప్పుడు, పాఠమూ పరీక్షా కెమెరా ముందే పెట్టే విశ్వవిద్యాలయం విచారణకు మాత్రం రైలెక్కి రమ్మనడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం. ప్రతి ఆన్‌లైన్ అడ్మిషన్ మీద విశ్వవిద్యాలయం తన వాటాలోంచి కొంత తీసి ఒక పరిహార నిధిలో వేయాలి. 2017 తీర్పు తర్వాత ఫీజు వాపసు కోసం ఒక్కొక్కరూ తిరిగిన తిరుగుడు ఇంకొకరికి రాకుండా ఉండాలంటే డబ్బు ముందే పక్కన ఉండాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్లు ఢిల్లీ నుంచి కబురొచ్చేదాకా ఆగకుండా ఈ విద్యాసంవత్సరమే ఒక పని చేయొచ్చు. రెండు మండళ్లూ చెరొక ఫోన్ నంబరు పెట్టాలి. కోర్సు పేరు, విశ్వవిద్యాలయం పేరు, సెషన్ చెబితే గుర్తింపు ఉందో లేదో తెలుగులో చెప్పే మనిషి అవతల ఉండాలి. మార్కులు రాలేదనో, ఫీజు తిరిగి ఇవ్వలేదనో ఫోన్ చేస్తే ఆ ఫిర్యాదును రాసుకుని, సంబంధిత విశ్వవిద్యాలయం లోక్‌పాల్‌కు మండలి ముద్రతో పంపాలి, నకలు యూజీసీకి వేయాలి. ఆ నంబరును ప్రతి నెట్ సెంటర్ గోడ మీద, ప్రతి మండల గ్రంథాలయంలో అతికించాలి. అడ్మిషన్లు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, జనవరి-ఫిబ్రవరిలో ఒకసారి, జులై-ఆగస్టులో ఒకసారి. వచ్చే సెషన్ మొదలయ్యే లోపు ఆ కాగితం గోడకెక్కాలి.